పోపు లేని పచ్చిపులుసు

మొన్న ఆదివారం జనగామలో మా ఇంట్లో ఒక సీసా మూత తీస్తే, ఇంట్లో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి బయటికి నడిచారు. మా అల్లుడు చేతిలో పేపరుతో సహా వెళ్లి వాకిట్లో చెప్పుల పక్కన కూర్చున్నాడు. మా అమ్మాయి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీలన్నీ తెరుచుకుంటూ పోయింది. పక్కింటావిడ గోడ మీది నుంచి తొంగిచూసి, "ఎలుక గిట్ల సచ్చిందా అక్కా?" అని అడిగింది. ఇంత పని చేసింది మా మనుమరాలు స్వప్న. భూపాలపల్లిలో ఉద్యోగం చేస్తుంది. ఆదివారం ఆదివారం వస్తుంది, వచ్చినప్పుడల్లా ఏదో ఒక దేశం వంట మా నెత్తిన పెడుతుంది. ఈసారి వంతు వియత్నాంది. నిమ్మరసం, చక్కెర, నీళ్లు, సన్నగా తరిగిన వెల్లుల్లి, పండు మిరపకాయ ముక్కలు, వాటి మీద ఈ సీసాలోని నీళ్లు. పొయ్యి అక్కర్లేదట. బియ్యప్పిండి రేకుల్లో కూరగాయలు చుట్టి, ఆ చుట్టల్ని ఇందులో ముంచుకు తినాలట. సీసాలోవి చేపల్ని నెలల తరబడి ఉప్పులో ఊరబెడితే కారిన నీళ్లని ఫోనులో చూసి చదివింది.

నాకు తొంభై దాటాయి. కళ్లు సగం, చెవులు సగం పనిచేస్తున్నాయి గానీ ముక్కు మాత్రం ఇంకా పదిహేనేళ్ల పిల్లదే. సీసా తెప్పించుకుని వాసన చూశాను. వియత్నాం ఎక్కడుందో నాకు పటంలో తెలుసు, పిల్లలకు పాఠం కూడా చెప్పాను. ఈ వాసన మాత్రం అక్కడిది కాదు. ఇది నర్మెట్టకు కోసెడు దూరంలో, మా పాత ఇంటి పక్క ఇంట్లో, మూలన ఉన్న కుండది. ఇంతలో స్వప్న గిన్నెలో కలిపినదాన్ని చెంచాతో నోట్లో పోసుకుని, మొహం వికారంగా పెట్టి, "ఉప్పు కషాయం అయిపోయింది అమ్మమ్మా, పారబోస్తా" అని లేచింది. "ఆగు, కూర్చో" అన్నాను. ఆ మాట నాది కాదు. అది కొమురవ్వ మాట, ఆమె గొంతు. నేను అరువు తెచ్చుకున్నాను.

కొమురవ్వ మా పొరుగింటామె. మేం నేతపని వాళ్లం. నాయిన పొద్దున గుంట మగ్గంలో కాళ్లు పెడితే దీపాలవేళకు గానీ పైకి తీసేవాడు కాదు. అమ్మ నా పదో ఏట పోయింది. అన్న రాజయ్య నాకంటే ఆరేళ్లు పెద్ద. మా గోడకు అవతల చేపలు పట్టే వాళ్ల ఇల్లు. అందులో కొమురవ్వ ఒక్కతే. భర్త కలరాలో పోయాడు, పిల్లల్లేరు. పొడుగ్గా ఉండేది. నెత్తిన చేపల గంప పెట్టుకుని నడిచి వస్తుంటే ఊరికి తానే పట్వారీ అన్నట్టు ఉండేది. ఎండాకాలం చెరువు అడుగంటినప్పుడు వచ్చే చిన్న పరక చేపలను ఉప్పు చల్లి పెద్ద కుండలో పొరలు పొరలుగా పేర్చి, మీద రాయి పెట్టేది. వానాకాలం చేపలు దొరకని రోజుల్లో వాటిని ఊరూరా తిప్పి, జొన్నలు మార్చుకుని బతికేది. ఏడాదిలో నాలుగు నెలలు ఆ కుండే ఆమెకు అన్నం. అడుగున ఊరిన నీళ్లను కూడా పారబోసేది కాదు. ఊరంతా కంపు అంటే, "మీ ముక్కులు సక్కగ లెవ్వు" అని నవ్వేది.

అమ్మ పోయాక నాకు వంట నేర్పింది ఆమే. నేను ఆమెను అత్తా అని పిలిచేదాన్ని. మొదట నేర్పింది పచ్చిపులుసు. నానిన చింతపండు పిసికి, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి రోట్లో కచ్చాపచ్చాగా దంచి కలపాలి. ఉప్పు వేయకూడదు. ఉప్పుకు బదులు కుండ అడుగు నీళ్లు ఒక్క గరిటెడు. బెల్లం ముక్క చివర్న. నేను వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "అబ్బ, ఉప్పు కషాయమైంది అత్తా" అన్నాను. ఆమె నా చేతి మీద ఒకటి వేసింది. "ఆగు, కూసో. పులుసును ఒట్టిగ నాకి సూస్తరానె? ఒట్టిగ తింటె అన్నీ ఎక్కువే ఉంటయి. రొట్టెముక్కతోని సూడు" అంది. జొన్నరొట్టె ముక్క ముంచి తిన్నాను. ఉప్పు ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఎండిన రొట్టె కూడా మెత్తబడి గొంతు దిగింది. "సూసినవా, రొట్టెకు ఏం తక్కువున్నదో పులుసుల అది ఎక్కువుండాలె" అంది. తర్వాత ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పాను. ఏ పిల్లవాడికి ఏది తక్కువో చూసి అది ఎక్కువ చెప్పడం నేను ఏ ట్రైనింగులోనూ నేర్చుకోలేదు.

నా పదిహేనో ఏట ఊళ్లో సంఘం వచ్చింది. దొరకు వెట్టి చెయ్యం అన్న మాట మొదటిసారి ఊరి నడుమ గట్టిగా వినిపించింది. మా అన్న అందులో ముందు వరుస. దాని వెనకే సర్కారు జవాన్లూ వచ్చి దొర గడిలో క్యాంపు పెట్టారు. అన్న, ఇంకో ఇద్దరు ఊరు దాటలేక, మా మెట్ట చెలక అవతల పాడుబడ్డ మోటబావి లోపలి గూట్లో దాక్కున్నారు. దొరికితే అక్కడికక్కడే కాల్చేస్తారని అందరికీ తెలుసు. పక్క ఊళ్లో అలా జరిగి పది రోజులు కూడా కాలేదు. ఆ జవాన్ల మీది జమేదారు తెలివైనవాడు. మనుషుల్ని వెతకడం మానేసి పొగను వెతకడం మొదలుపెట్టాడు. పొద్దున ఒక్కపూటే పొయ్యి వెలగాలి, ఆ తర్వాత ఏ ఇంటి మీద పొగ లేచినా సంఘం వాళ్లకు వండుతున్నట్టే లెక్క అని దండోరా వేయించాడు. అందుకని నేనూ కొమురవ్వా తెల్లవారుజామున మా వంతు రొట్టెల్లోనే చెరో నాలుగు ఎక్కువ కాల్చేవాళ్లం. మధ్యాహ్నానికి అవి చెప్పు అట్టల్లా అయ్యేవి. వాటిని తినాలంటే పులుసు ఉండాలి. పచ్చిపులుసుకు పొయ్యి అక్కర్లేదు. ఆమె సొరకాయ బుర్రలో పులుసు పోసి, రొట్టెలు మోదుగాకులో చుట్టి, గంప అడుగున పెట్టి, పైన ఉప్పు పరకలు పరిచేది. దారిలో జవాన్లు ఆపితే గంప వాళ్ల ముక్కు కిందికే దించేది. "తియ్యి సర్కార్, మంచిగ సూడు" అనేది. ఒక్కడూ చెయ్యి పెట్టలేదు.

తప్పు నేను చేశాను. ఆ రోజు కొమురవ్వ గడికి చేపలివ్వడానికి పోతూ, పులుసు కలిపి బుర్ర నింపి పెట్టమని నాకు చెప్పింది. ముందురోజు అన్నకు జ్వరమని, రెండు ముద్దలు కూడా తినలేదని విన్నాను. అమ్మ ఉన్నప్పుడు పచ్చిపులుసులో పోపు పెట్టేది. వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిర్చి, కల్యామాకు. ఆ పోపు చుయ్యిమంటే అన్న ఎక్కడున్నా పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. అన్నకు ఒక్కపూట అమ్మ పులుసు తినిపించాలని నాకు ఆశ పుట్టింది. నేను తెలివితక్కువదాన్ని కాదని నాకు గట్టి నమ్మకం. పొగ రాకూడదు, అంతే కదా అనుకున్నాను. బాగా ఎండిన కందికట్టె పుల్లలు నాలుగు ఏరి, కొమురవ్వ ఇంటి లోపలి అర్రలో పొయ్యి ముట్టించి, గంటెలో ఇంత నూనె పోసి పోపు పెట్టాను. పొగ వెంట్రుకంత కూడా లేవలేదు. గర్వంగా బుర్రలోకి ఒంపాను. పొగను గురించే ఆలోచించాను గానీ, వెల్లుల్లి పోపు వాసన గోడలకు ఆగదని ఈ బుర్రకు తట్టలేదు. మిట్టమధ్యాహ్నం, ఊళ్లో పొయ్యిలన్నీ చల్లగా ఉన్నవేళ, ఆ వాసన వీధి చివరి దాకా నడిచింది. అక్కడ నీడన కూర్చున్న జమేదారు లేచాడు.

బూట్ల చప్పుడు నేను విన్నాను. అదే సమయానికి కొమురవ్వ పెరటి దర్వాజా నుంచి లోపలికి వచ్చింది. గుమ్మంలోనే ఒక్కసారి గాలి పీల్చింది. నా మొహం చూసింది. పొయ్యి చూసింది. నేలమీద ఎనిమిది రొట్టెలు, పక్కన నిండు బుర్ర, ఇంట్లో ఇద్దరమే ఆడవాళ్లం. ఇంక చెప్పేదేముంది?   కొమురవ్వ మూలనున్న ఉప్పుచేపల కుండను రెండు చేతులా ఎత్తి, వాకిలి గడప మీదికి తెచ్చి, కింద పడేసింది. కుండ నాలుగు చెక్కలైంది. నాలుగు నెలల తిండి గడప మీద, వాకిట్లో, వీధి దాకా పారింది. ఆ కంపు ముందు నా పోపు ఎంత? జమేదారు, అతని వెంట వచ్చిన ఇద్దరు జవాన్లు అక్కడే ఆగిపోయారు. ఒకడు పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు.

జమేదారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏందే ఇది?" అని గద్దించాడు.

"ఉప్పుచేపల కుండ సర్కార్. పిల్ల ఎత్తబోయి పడేసింది. నా బతుకు ఆగమైంది" అని నెత్తి బాదుకుంది కొమురవ్వ.

"పోపు వాసనొచ్చింది. ఎవలు వండుతుండ్రు?"

"ఏ వాసనొచ్చిందో నాకేమెరుక సర్కార్, నా ముక్కు ఎప్పుడో సచ్చింది. లోపలికి రా. జర గీ చేపల మీదికెళ్లి తొక్కుకుంట రా, మొత్తం ఎతుకు" అని పక్కకు జరిగి దారి ఇచ్చింది.

అతను వాకిట్లోని బురదను, తన బూట్లను, ఆమె మొహాన్ని వరుసగా చూశాడు. ఏదో తిట్టాడు. ముగ్గురూ వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా నిలబడే ఉన్న కొమురవ్వ, ఆ తర్వాత గడప మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. భుజాలు ఊగేలా, చప్పుడు రాకుండా నవ్వింది. నన్ను కొడితే బాగుండునని నాకు అనిపించింది.

కొట్టలేదు. పనికొచ్చే పరకలు ఏరి కడుగుతూ, "పోపు తినేటోళ్ల కోసం గాదు బిడ్డా, పక్కింటోళ్ల కోసం. మనింట్ల ఏదో మంచిది ఉడుకుతున్నదని మందికి తెల్వాలె గదా, అందుకు. మీ అన్నకు పులుసు గావాలె, పోపు గాదు" అంది. గంటయ్యాక అదే బుర్ర, అవే రొట్టెలు గంపలో పెట్టుకుని చెలక వైపు పోయింది. తిరిగి వచ్చి, "మీ అన్న మొత్తం తిన్నడు. మా అమ్మ జేసినట్టే ఉన్నదన్నడు" అని చెప్పింది. అప్పుడు ఏడ్చాను. ఆ వానాకాలం ఆమె చేపల గంప నెత్తికెత్తలేదు. మోకాలి లోతు బురదలో నాట్లకు కూలికి పోయింది. ఎందుకు పోతున్నావని ఊళ్లో అడిగితే, "నడుముకు మంచిదని" అనేది. నాకొక్కదానికే తెలుసు ఎందుకో.

అన్న బతికి బయటపడ్డాడు. కొన్నేళ్లకు ఊళ్లు నెమ్మదించాక ఇంటికి వచ్చాడు. ఆ రోజు ఏం జరిగిందని అడిగితే, "కుండ పగిలింది, కంపుకు పారిపోయిండ్రు" అన్నాను. పోపు సంగతి చెప్పడానికి సిగ్గేసింది. ఆ ఒక్కటీ దాచడంతో కథ దానంతట అదే మలుపు తిరిగింది. కుండ పగలగొట్టింది చెల్లెలేనని అన్న అనుకున్నాడు. నేను కాదనలేదు. ఒకసారి జనగామలో మీటింగు పెట్టి పాతవాళ్లను మాట్లాడమన్నారు. అన్న మైకు ముందు నిలబడి, తుపాకులు ఎక్కుపెట్టిన జవాన్ల ఎదుట పదిహేనేళ్ల తన చెల్లె చేపల కుండ ఎత్తి ఎట్లా బద్దలుకొట్టిందో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ల వరుసలో నా పక్కన కొమురవ్వ కూర్చుని ఉంది. నేను లేవబోయాను. ఆమె నా చెయ్యి పట్టి గుంజింది. "కూసో. పిలగాడు సంబురంగ చెప్పుకుంటుండు, ఇయ్యాల ఎందుకు?" అంది. ఇంటికి వస్తూ దారిలో, "అన్న చెప్పింది అబద్ధం అత్తా" అన్నాను. "అబద్ధం గాదే. పోపు" అంది.

ఆ మాటను నేను నాకు అనువుగా అర్థం చేసుకున్నాను. ఆమెకు పేరు మీద ఆశ లేదు, పెద్ద మనసు, నేను తవ్వి తీయడం ఎందుకు అనుకున్నాను. మానుకోటలో టీచరు ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. అన్న గంగారం వైపు భూమి చేసుకుంటూ అక్కడే స్థిరపడ్డాడు. ఏళ్లు దొర్లిపోయాయి. ఒకసారి ఊరికి వెళ్లినప్పుడు కొమురవ్వకు చూపు మందగించి, మంచంలో కూర్చుని ఉంది. మాటల్లో ఆ కుండ సంగతి వచ్చింది. "అన్నకు నిజం చెప్పాలని ఎప్పుడూ అనుకుంట అత్తా, నువ్వేమో వద్దంటివి" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "ఆ దినం వద్దన్న. ఆ ఒక్కదినం. గిన్నేండ్లు వద్దన్ననా?"

  ఆమె పెద్ద మనసు అని నేను పేరు పెట్టుకున్నది, నా పిరికితనం కప్పుకోవడానికి వేసుకున్న దుప్పటి. ఆమె అడగలేదు, నిజమే. అడగలేదు గనక అక్కర్లేదనుకున్నాను. పనికొచ్చేంత సిగ్గు నాకు అప్పుడు పుట్టింది. మర్నాడే బస్సెక్కి గంగారం వెళ్లాను. పొయ్యి ముట్టించడం దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను.   అన్న నెలన్నర తర్వాత తన చేతులతో పరకలు ఉప్పేసి, కొత్త కుండ నిండా పేర్చి, బస్సులో అందరి తిట్లూ తింటూ తెచ్చి కొమురవ్వ మంచం ముందు పెట్టాడు. "అత్తా, నీ కుండ తెచ్చిన" అన్నాడు. ఆమె కుండలో చెయ్యి పెట్టి, వేళ్లు వాసన చూసింది. "ఉప్పు తక్కువేసినవు రాజిగా. వారం దినాలల్ల పురుగు పడ్తది" అంది. అన్న ఏడుస్తూనే నవ్వాడు.

మరుసటి ఏడు మళ్లీ అలాంటి మీటింగే పెడితే అన్న ఆమెను బండి కట్టించి తీసుకువచ్చాడు. మైకు ముందు నిలబడి, వెనకటి మీటింగులో తాను తప్పు చెప్పానని మొదలుపెట్టి, పేరు పెట్టి, ఇంటి గుర్తులు పెట్టి, అంతా చెప్పాడు. జనం వెనక్కి తిరిగి ఆమె కోసం వెతికారు. కొమురవ్వ కొంగు సర్దుకుని, నడుము నిటారుగా పెట్టి కూర్చుంది. నా చెవి దగ్గరికి వంగి, "జర గట్టిగ చెప్పుమనే. ఎనకోళ్లకు ఇనబడ్తలేదు" అంది.

ఇదంతా స్వప్నకు చెబుతుండగానే మా అమ్మాయి వంటింట్లోంచి గంటె పట్టుకుని వచ్చింది, ఇంత పోపు పెడితే ఈ కంపు పోతుందేమో అని. వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. స్వప్నను చెంచా పక్కన పెట్టమని, ఒక చుట్ట గిన్నెలో ముంచి తినమన్నాను. తిన్నది. కళ్లు పెద్దవి చేసుకుని ఇంకోటి ముంచింది. వాకిట్లోంచి అల్లుడు కూడా వచ్చి మూడు తిన్నాడు, పేపరు మాత్రం ముక్కుకు అడ్డం పెట్టుకునే. స్వప్న గిన్నెను ఫోటో తీసి ఫోనులో అందరికీ పెట్టబోతూ, కింద "అమ్మమ్మ చేసిన పులుసు" అని రాసింది. తుడిపించాను. కొమురవ్వ అని ఒక్కో అక్షరం చెప్పి రాయించాను. అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చెయ్యమన్నాను, వెనకవాళ్లకు కూడా కనపడాలి కదా.